మంచు దేశపు పొట్టి పొదలు – మన గుట్టల కలివి పండ్లు



ఈ సంచిక కోసం పదవ తరగతి విద్యార్థులమైన మేము ఒక పాఠం తయారు చేశాము. ఇది మన జీవశాస్త్ర పుస్తకంలో లేదు. భూమికి ఉత్తరం కొసన, మంచు దేశాలలో పెరిగే కొన్ని పొట్టి పొదల గురించి, వాటికి సాటి వచ్చే మన గుట్టల పొద ఒకదాని గురించి ఈ పాఠం. మొదటి సగం దూర దేశం. రెండో సగం మన సుచిత్ర, మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ప్రాంతం. రెండూ కలిపి చదివితేనే విషయం బాగా అర్థమవుతుంది.

1. ఆ నేల ఎలా ఉంటుంది?

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్లాండ్, గ్రీన్లాండ్, రష్యా ఉత్తర భాగం, అలాస్కా, కెనడా. మ్యాపులో ఇవన్నీ పై వరుసలో ఉంటాయి. ఈ దేశాలలో పెద్ద చెట్లు పెరగలేని విశాలమైన మైదానాలు, కొండ వాలులు ఉన్నాయి. మోకాలి ఎత్తు కూడా లేని పొదలు నేలంతా దుప్పటి పరచినట్టు అల్లుకుని ఉంటాయి. ఇటువంటి నేలను హీత్ అంటారు.

అక్కడ చలికాలం ఏడెనిమిది నెలలు ఉంటుంది. ఎండాకాలం రెండు మూడు నెలల్లో ముగిసిపోతుంది. నేల పుల్లటిది, అంటే ఆమ్ల గుణం కలది. చలి వల్ల రాలిన ఆకు త్వరగా కుళ్ళదు. ఆకు కుళ్ళకపోతే అందులోని నత్రజని నేలకు తిరిగి చేరదు. కనుక ఆ నేల చాలా బీద నేల. మన దగ్గర చలక భూమిలో ఎరువు వేయకుండా పంట తీయడం ఎంత కష్టమో, అక్కడ మొక్క బతకడం అంతకన్నా కష్టం.

2. మూడు పొదల పరిచయం

అక్కడి పొదలలో మూడింటిని తెలుసుకుందాం. మూడూ హీత్ కుటుంబానికి, అంటే ఎరికేసీ కుటుంబానికి చెందినవి. మూడూ సతతహరితాలు, అంటే ఏడాది పొడవునా ఆకు ఉండేవి. మూడింటికీ చిన్న పండ్లు కాస్తాయి.

క్రోబెర్రీ: శాస్త్రీయ నామం ఎంపెట్రమ్ నైగ్రమ్. 1753లో లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. క్రో అంటే కాకి. పండు కాకిలాగా నల్లగా ఉంటుంది. పొద ఎత్తు జానెడు. ఆకులు సూదుల్లాగా సన్నగా ఉంటాయి. పండులో నీరు ఎక్కువ, తీపి తక్కువ. లోపల ఆరు నుంచి తొమ్మిది వరకు గట్టి గింజలు ఉంటాయి.

లింగన్‌బెర్రీ: శాస్త్రీయ నామం వాక్సీనియమ్ వైటిస్-ఐడియా. పండు ఎర్రగా, పుల్లగా ఉంటుంది. స్వీడన్, ఫిన్లాండ్ దేశాలలో మన ఇంట్లో మామిడికాయ తొక్కు ఉన్నట్టు ప్రతి ఇంట్లో దీని జాము ఉంటుంది. ఈ పండులో బెంజోయిక్ ఆమ్లం సహజంగానే ఉంది. కనుక చక్కెర వేయకుండా ఉత్త నీళ్ళలో పోసి ఉంచినా నెలల తరబడి చెడిపోదు. మనం కొనే సాసులు, స్క్వాషులలో చెడిపోకుండా కలిపే సోడియం బెంజోయేట్ ఈ ఆమ్లపు లవణమే.

బేర్‌బెర్రీ: శాస్త్రీయ నామం ఆర్క్టోస్టాఫిలోస్ ఉవా-ఉర్సి. ఈ పేరులో ఒక తమాషా ఉంది. మొదటి మాట గ్రీకు భాషలో "ఎలుగుబంటి ద్రాక్షగుత్తి". రెండో మాట లాటిన్ భాషలో "ఎలుగుబంటి ద్రాక్ష". ఇంగ్లీషులో బేర్ అన్నా ఎలుగుబంటే. అంటే మూడు భాషలలో ఒకే మాట మూడుసార్లు చెప్పినట్టు! ఆ పండును ఎలుగుబంట్లు ఇష్టంగా తింటాయని గమనించిన పల్లె ప్రజలే ముందు ఆ పేరు పెట్టుకున్నారు. శాస్త్రవేత్తలు తరువాత దానిని పుస్తకంలోకి ఎక్కించారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇటువంటిదే మన దగ్గర కూడా ఒకటి జరిగింది, ముందు చెబుతాము.

3. ఎందుకు పొట్టి? ఎందుకు ఎప్పుడూ పచ్చ?

ఇది పాఠంలో ముఖ్యమైన భాగం. రెండు ప్రశ్నలు వేసుకుందాం.

మొదటి ప్రశ్న: ఈ పొదలు ఎందుకు పొట్టిగా ఉంటాయి?
చలికాలంలో నేల మీద మంచు మందంగా పేరుకుంటుంది. మంచు చల్లనిదే కానీ అది గొంగడిలాగా పని చేస్తుంది. దాని మధ్య చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. పైన గాలి సున్నాకు 30 డిగ్రీలు కిందికి దిగినా, మందపాటి మంచు అడుగున నేల దగ్గర అంత చలి ఉండదు. మంచు కింద దాగిన కొమ్మ బతుకుతుంది. మంచు పైకి పొడుచుకు వచ్చిన కొమ్మను చలిగాలి ఎండగొడుతుంది, గాలిలో ఎగిరే మంచు రవ్వలు ఇసుక కాగితంలాగా గీకేస్తాయి. కనుక పొట్టిగా ఉండడం ఆ మొక్కకు రక్షణ.

రెండో ప్రశ్న: ఆకు ఎందుకు రాల్చవు?
ఆకు తయారు కావాలంటే నత్రజని, భాస్వరం కావాలి. బీద నేలలో అవి దొరకవు. ప్రతి సంవత్సరం కొత్త ఆకులు వేయడం అంటే ప్రతి సంవత్సరం కొత్త బట్టలు కొనడం లాంటిది. డబ్బు ఉన్నవాడు కొంటాడు. లేనివాడు గట్టి బట్ట ఒకటి కుట్టించుకుని మూడేళ్ళు తొడుగుతాడు. ఈ పొదలు కూడా అంతే. మందంగా, మైనం పూత ఉన్న చిన్న ఆకు ఒకసారి వేసుకుని రెండేళ్ళు, మూడేళ్ళు కూడా వాడుకుంటాయి. ఇంకో లాభం ఉంది. మంచు కరగగానే ఆకు సిద్ధంగా ఉంటుంది కాబట్టి వెంటనే కిరణజన్య సంయోగక్రియ మొదలవుతుంది. ఎండాకాలం రెండు నెలలే అయినప్పుడు ఒక్క వారం ముందుగా మొదలుపెట్టడం చాలా పెద్ద లాభం.

క్రోబెర్రీ ఆకు అంచులు కిందికి ముడుచుకుని గొట్టంలాగా ఉంటాయి. పత్రరంధ్రాలు ఆ గొట్టం లోపలి వైపు ఉంటాయి. గాలి నేరుగా తగలదు కనుక నీరు తక్కువగా ఆవిరవుతుంది. మంచు దేశంలో నీటికి కొరత ఏమిటని అడగవచ్చు. నీరు ఉంది, కానీ గడ్డకట్టి ఉంది. గడ్డకట్టిన నీటిని వేరు పీల్చుకోలేదు. ఎదురుగా ఉన్నా తాగలేని నీరు లేనట్టే లెక్క. దీనిని చలి కరువు అనుకోవచ్చు.

వేర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ కుటుంబపు మొక్కల వేర్లతో కొన్ని శిలీంధ్రాలు కలిసి జీవిస్తాయి. కుళ్ళని ఆకులో చిక్కుకున్న నత్రజనిని శిలీంధ్రం విడదీసి మొక్కకు ఇస్తుంది. మొక్క తాను తయారు చేసిన చక్కెరలో కొంత శిలీంధ్రానికి ఇస్తుంది. ఒకరికొకరు తోడు. మన పుస్తకంలో దీనినే సహజీవనం అని చదివాము.

4. మన దగ్గర దీనికి సాటి ఏది?

ఈ పొదల గురించి చదువుతున్నప్పుడు మాకు ఒక ఆలోచన వచ్చింది. బీద నేల, నీటి కరువు, పొట్టి పొద, ఎప్పుడూ పచ్చని మందపాటి ఆకు, చిన్న నల్లని పండు. ఇవన్నీ ఉన్న మొక్క మన ఊళ్ళలో ఏది?

కలివి.

హాస్టల్ లో అందరినీ అడిగి చూశాము. ఒకరు కలె పండ్లు అన్నారు. ఇంకొకరు కలివి అన్నారు. మరొకరు కలిమి పండ్లు అన్నారు. ఒక తమ్ముడు మాత్రం, "పేరు తెలియదన్నా, నాలుక నల్లగ అయితది చూడు, ఆ పండ్లు" అన్నాడు. పేర్లు వేరైనా పండు ఒకటే. దాని శాస్త్రీయ నామం కరిస్సా స్పైనారమ్. దీని అన్న లాంటిది వాక్కాయ, కరిస్సా కరండాస్. రెండింటికీ లిన్నేయసే పేరు పెట్టాడు. కరండాస్ అనే మాట మన దేశపు పేరు నుంచి వచ్చినదే. హిందీలో కరోందా అంటారు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. కలివి హీత్ కుటుంబానికి చెందినది కాదు. అది గన్నేరు, నందివర్ధనం ఉన్న ఎపోసైనేసీ కుటుంబానికి చెందినది. హీత్ కుటుంబపు మొక్కలు దక్షిణ భారతంలో చూడాలంటే నీలగిరుల వంటి చల్లని ఎత్తైన కొండలకు పోవాలి. అయినా వేరు వేరు కుటుంబాల మొక్కలు ఒకే రకమైన కష్టం ఎదురైనప్పుడు ఒకే రకమైన ఉపాయాలు నేర్చుకున్నాయి. మనం ఈ పాఠంలో గమనించవలసినది అదే.

మన చుట్టూ ఉన్న రాయి గ్రానైటు. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. సుచిత్ర నుంచి కొంపల్లి, మేడ్చల్ వైపు పోయే నాగపూర్ రోడ్డు మీద గాని, శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి మీద గాని అటూ ఇటూ చూస్తే బండరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. ఆ రాయి చితికి ఏర్పడిన ఎర్ర నేల పలుచన. నీరు నిలవదు. వాన నాలుగు నెలలు, ఆ తరువాత అంతా ఎండే. ఏప్రిల్, మే నెలల్లో గుట్ట మీద చెట్లు చాలావరకు ఆకు రాల్చి మోడుగా నిలబడతాయి. అప్పుడు కూడా బండ సందుల్లో ముదురు ఆకుపచ్చగా మెరుస్తూ ఉండే పొద కలివి.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

నేల: క్రోబెర్రీకి పుల్లటి బీద నేల. కలివికి బండల మధ్య పలుచని ఎర్ర నేల.
కరువు: అక్కడ నీరు గడ్డకట్టే చలి కరువు. ఇక్కడ నీరు ఇంకిపోయే ఎండ కరువు.
ఆకు: అక్కడ సూదిలాంటి ముడుచుకున్న ఆకు. ఇక్కడ తోలులాంటి నున్నని, మెరిసే ఆకు. రెండూ నీటిని పొదుపు చేసేవే.
ఎత్తు: అక్కడ జానెడు. ఇక్కడ మేకలు కొరికే గుట్ట మీద నడుము ఎత్తు, కంచె వేసి కాపాడితే మనిషి ఎత్తు దాటుతుంది.
రక్షణ: క్రోబెర్రీ ఆకులో బటటాసిన్ అనే రసాయనం ఉంది. అది నేలలోకి దిగి పైన్ చెట్ల విత్తనాలను, మొలకలను కూడా ఎదగనివ్వదని స్వీడన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. కలివికి ముల్లు ఉంది, గిల్లితే కారే పాలు ఉన్నాయి.

ఆకు ఎన్నాళ్ళో వాడుకోవలసిన ఆస్తి అయినప్పుడు దానికి కావలి కూడా గట్టిగా ఉండాలి. అందుకే కలివి ముల్లు అంత పదును.

5. పండు ఎవరి కోసం?

మొక్క కదలలేదు. దాని పిల్లలు దూరంగా పోవాలి. అందుకు కూలి ఇచ్చి మోతగాళ్ళను పెట్టుకుంటుంది. పండు గుజ్జే ఆ కూలి. పిట్ట పండు తిని, ఎగిరిపోయి, వేరే చోట రెట్ట వేస్తుంది. రెట్టతో పాటు గింజ పడుతుంది. ఎరువుతో సహా విత్తనం నాటినట్టే!

ఉత్తర దేశాలలో క్రోబెర్రీ పండ్లు చలికాలమంతా మంచు కింద చెడిపోకుండా ఉంటాయి. వసంతంలో మంచు కరగగానే పక్షులకు అవే మొదటి తిండి. ఎలుగుబంట్లు నిద్రలోకి పోయే ముందు కొవ్వు పెంచుకోవడానికి ఈ బెర్రీలనే కడుపునిండా తింటాయి.

మన కలివికి తెల్లని, మంచి వాసన గల పూలు పూస్తాయి. కాయ ముందు ఆకుపచ్చగా, తరువాత ఎర్రగా, పండినప్పుడు నల్లగా మారుతుంది. మే, జూన్ నెలల్లో పండ్లు వస్తాయి. బుల్‌బుల్ పిట్టలు, గోరింకలు, నక్కలు, అడవి ఉన్నచోట ఎలుగుబంట్లు వీటిని తింటాయి. వాటితో పాటు ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయిన మనం కూడా!

కలివి పొద ఇంకొక ఉపకారం చేస్తుంది. దాని ముళ్ళ మధ్య పడిన వేరే చెట్ల విత్తనం మొలకెత్తితే మేకలు దానిని ముట్టలేవు. పొద నీడలో తేమ ఉంటుంది. అలా ముళ్ళ పొద ఒడిలో పెరిగిన మొలక కొన్నేళ్ళకు చెట్టయి పొదకన్నా పైకి పోతుంది. కనుక ముళ్ళ పొదను పూర్తిగా నరికితే రాబోయే చెట్టును కూడా నరికినట్టే.

6. వంటింట్లో, అంగట్లో

మన తెలుగు ఇళ్ళలో వాక్కాయ పప్పు, వాక్కాయ పచ్చడి, వాక్కాయ పులిహోర చేస్తారు. చింతపండు బదులు ఈ పులుపు వాడతారు. ఇందులో పెక్టిన్ అనే పదార్థం బాగా ఉంటుంది. జాము, జెల్లీ గడ్డకట్టడానికి అదే కారణం.

మీకు తెలుసా? బేకరీలో కేకు మీద, పాన్ లో పెట్టే ఎర్రని "చెర్రీ" చాలాసార్లు చెర్రీ కాదు. వాక్కాయలో గింజ తీసి, చక్కెర పాకంలో ఊరబెట్టి, ఎర్ర రంగు వేసి అమ్ముతారు. పల్లెలో కాసిన కాయకు విదేశీ పేరు పెడితే ధర పెరిగింది!

ఈ పండ్లలో విటమిన్ సి, ఇనుము ఉన్నాయి. విటమిన్ సి ఉంటే మనం తిన్న కూరగాయలు, పప్పులలోని ఇనుమును శరీరం ఎక్కువగా గ్రహిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉంది. వారిలో మన అమ్మలు, అక్కలు ఉన్నారు. ఒక్క పండుతో రక్తహీనత పోదు. ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, డాక్టరు ఇచ్చే ఇనుము మాత్రలు అవసరం. అయితే డబ్బు పెట్టకుండా దొరికే పుల్లని పండును "అడవి కాయ" అని చిన్నచూపు చూడకూడదు.

ఉత్తర దేశాల ప్రజలు అలా చూడలేదు. అలాస్కా మూలవాసులు బెర్రీలను కొవ్వుతో కలిపి అకుటక్ అనే వంటకం చేసుకుంటారు. స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర భాగాల సామీ ప్రజలకు బెర్రీలు తరతరాల తిండి. స్వీడన్ లో 2011 వరకు విదేశీ విద్యార్థులకు కూడా యూనివర్సిటీ ఫీజు ఉండేది కాదు. అప్పట్లో మన తెలుగు విద్యార్థులు చాలామంది అక్కడికి పోయి చదువుకున్నారు. అక్కడి భోజనంలో మాంసం ముద్దల పక్కన పెట్టే ఎర్రని పుల్లని జాము ఈ లింగన్‌బెర్రీదే. మనలో ఎవరైనా రేపు అక్కడికి చదువుకు పోతే ఆ జాము రుచి చూసి కలివిని గుర్తు చేసుకోవాలి!

7. కలివి కోడి చెప్పిన పాఠం

పల్లె ప్రజలు పెట్టిన పేరు గురించి ముందు చెబుతామన్నాము కదా. ఇదే ఆ సంగతి.

జెర్డాన్స్ కోర్సర్ అనే పక్షి ఉంది. ప్రపంచంలో మన తెలుగు నేల మీద, ముఖ్యంగా కడప ప్రాంతపు ముళ్ళ పొదల అడవుల్లో మాత్రమే ఉంటుంది. 1848లో దానిని శాస్త్రవేత్తలు మొదటిసారి వర్ణించారు. 1900లో అనంతపురం దగ్గర కనిపించింది. ఆ తరువాత 86 సంవత్సరాలు ఏ శాస్త్రవేత్తకూ కనబడలేదు. అంతరించిపోయిందనుకున్నారు.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు కడప జిల్లా పల్లెలలో తిరిగి, పక్షి బొమ్మ చూపించి అడిగారు. అక్కడి వేటగాళ్ళు గుర్తుపట్టారు. వారికి ఆ పక్షి పేరు కూడా తెలుసు. కలివి కోడి! కలివి పొదల మధ్య తిరిగే పక్షి అని ఆ పేరు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో ఒక స్థానిక వేటగాడి సాయంతోనే ఆ పక్షి మళ్ళీ లోకానికి తెలిసింది. తరువాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా పోవలసి వచ్చినప్పుడు పక్షి కోసం కాలువ దారినే మార్చారు. ఇప్పటికీ అది ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షులలో ఒకటి.

ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. పుస్తకాల్లో అంతరించిపోయిందని రాసిన పక్షి, బడికి పోని మనిషికి పేరుతో సహా తెలుసు. ఇది మొదటిది. "ఉత్త ముళ్ళ పొదలు, ఏముంది అక్కడ" అని అందరూ అనుకున్న చోటే, లోకంలో ఇంకెక్కడా లేని ప్రాణి బతుకుతున్నది. ఇది రెండవది.

మనం హాస్టల్ కు వచ్చి చదువుకుంటున్నాము. మంచిదే. కానీ ఇంటి దగ్గర అవ్వకు తెలిసిన చెట్ల పేర్లు మనకు రాకపోతే మనం చదువుతో పాటు ఒక చదువు పోగొట్టుకుంటున్నట్టు. అవ్వకు తెలిసింది నోటు పుస్తకంలో రాసుకుంటే అది కూడా సైన్సే.

8. పండు కోసుకునే హక్కు

స్వీడన్ లో ఒక మంచి పద్ధతి ఉంది. సాగు చేయని అడవిలో, హీత్ లో ఎవరైనా నడవవచ్చు, అడవి బెర్రీలు కోసుకోవచ్చు. భూమి ఎవరిదైనా సరే. ఇంటి పెరటిలోకి, పంట చేలోకి మాత్రం పోకూడదు. దీనిని సర్వజన హక్కు అంటారు. 1994లో దానిని వారి రాజ్యాంగంలో కూడా చేర్చారు. ఫిన్లాండ్ లో కూడా ఇటువంటి పద్ధతే ఉంది. అక్కడ అడవి బెర్రీలు ఏరి అమ్ముకున్న డబ్బుకు పన్ను లేదు.

మన దేశంలో 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు, తరతరాలుగా అడవిలో ఉంటున్న ఇతరులకు చిన్న అటవీ ఉత్పత్తులు సేకరించుకునే హక్కు ఇచ్చింది. కానీ అడవి అని పేరు లేని గుట్టలు, బంచరాయి భూములు, చెరువు గట్లు ఉన్నాయి కదా. మన వంటి కుటుంబాలకు సొంత భూమి తక్కువ, లేదా లేదు. మేక మేపుకున్నా, వంటచెరకు తెచ్చుకున్నా, మే నెలలో కలివి పండ్లు ఏరి దొప్పలలో పోసి రోడ్డు పక్కన అమ్ముకున్నా ఆ భూములలోనే. కలిమి అనే మాటకు సంపద అని అర్థం. కలిమి లేని ఇళ్ళకు ఈ కలిమి పండ్లే కొన్ని రోజుల కూలి.

ఇప్పుడు సుచిత్ర చుట్టుపక్కల పరిస్థితి మనం చూస్తూనే ఉన్నాము. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. అవుటర్ రింగు రోడ్డు, కంపెనీలు, కాలనీలు వచ్చాయి. వీటి వల్ల ఉద్యోగాలు వచ్చాయి, మన అన్నలు కొందరు వాటిలోనే పని చేస్తున్నారు. అభివృద్ధి వద్దని మేము అనడం లేదు. అయితే ప్లాటు చేయడానికి ముందు జేసీబీ మొదట తీసేది ఈ పొదలనే. "తుప్పలు తీసి చదును చేశాం" అంటారు. ఆ తుప్పలలో ఎవరి పండు ఉందో, ఏ పిట్ట గూడు ఉందో ఎవరూ లెక్క రాయరు.

మంచు దేశాలలో కూడా పొదలకు కష్టం వచ్చింది. ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి మిగతా భూమికన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వేడెక్కితే చలి పొదకు మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. చలికాలం మధ్యలో కొన్ని రోజులు వెచ్చబడి మంచు కరిగిపోతే గొంగడి తీసేసినట్టవుతుంది. మళ్ళీ చలి రాగానే కొమ్మలు మాడిపోతాయి. 2007 డిసెంబరులో ఉత్తర స్కాండినేవియాలో ఇలాగే జరిగి, మరుసటి ఎండాకాలానికి విశాలమైన ప్రాంతంలో క్రోబెర్రీ పొదలు గోధుమ రంగుకు మారి ఎండిపోయాయి. అక్కడ వాతావరణం, ఇక్కడ జేసీబీ. కారణం వేరైనా రెండు చోట్లా మాట చెప్పుకోలేని చిన్న మొక్కకే నష్టం.

9. జాగ్రత్తలు – చిన్న తమ్ముళ్ళు తప్పక చదవాలి

అడవి పండు మంచిదని చెప్పాము. ప్రతి అడవి పండూ మంచిది కాదు. కింది వాటిని ఎప్పుడూ నోట్లో పెట్టుకోకూడదు.

అడవి ఆముదం గింజలు: పల్లీల రుచి ఉంటుందని పిల్లలు తిని, వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతుంటారు.
పచ్చ గన్నేరు కాయ: గుండె ఆగిపోయేంత విషం. ఇది కలివి కుటుంబానిదే, దీనికీ పాలు కారతాయి. కుటుంబం ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు.
గురివింద గింజలు: చూడడానికి అందంగా ఉంటాయి. నమిలితే ప్రాణాంతకం.
ఉమ్మెత్త కాయ: మతి తప్పిస్తుంది, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది.

కలివిలో కూడా బాగా నల్లగా పండినవే తినాలి. పచ్చి కాయల పాలు పెదవులకు అంటుకుని మంట పుడుతుంది, గొంతు గరగరలాడుతుంది. కడిగి తినాలి. తెలియని పండు అయితే తెలిసిన పెద్దవారు చూసి చెప్పేవరకు ముట్టకూడదు. ఎవరైనా విషపు కాయ తింటే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి. తిన్న కాయను కూడా డాక్టరుకు చూపించాలి.

10. మనం చేయగల పని

(1) ఈ ఎండాకాలం సెలవులలో ప్రతి ఒక్కరూ తమ ఊరిలో దొరికే ఐదు అడవి పండ్ల పేర్లు, అవి కాసే నెల, దొరికే చోటు, పెద్దలు చెప్పిన ఉపయోగం రాసుకుని రావాలి. హాస్టల్ తెరిచాక అన్నీ ఒకే పుస్తకంలో ఎక్కిద్దాం. ఇన్ని ఊళ్ళ పిల్లలు ఒకే చోట ఉండే అవకాశం హాస్టల్ లో తప్ప ఎక్కడ ఉంటుంది?

(2) బాగా పండిన కలివి, వాక్కాయ పండ్ల గింజలను కడిగి, నీడలో తడి ఆరగానే నాటాలి. ఈ గింజలు ఎక్కువ రోజులు నిలవ ఉంచితే మొలవవు. వానాకాలం మొదట్లో పాత పాల ప్యాకెట్లలో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి విత్తుదాం. మరుసటి ఏడాది హాస్టల్ ప్రహరీ వెంట వరుసగా నాటితే ముళ్ళ కంచె అవుతుంది, పండ్లూ వస్తాయి.

(3) దూలపల్లిలో మనకు దగ్గరలోనే రాష్ట్ర ఫారెస్ట్ అకాడమీ ఉంది. మొక్కలను గుర్తుపట్టడం అక్కడివారి నుంచి నేర్చుకోవడానికి అనుమతి అడగమని వార్డెన్ గారిని కోరుదాం.

గుర్తుంచుకోవలసినవి

సతతహరిత ఆకు సంపన్న నేల గుర్తు మాత్రమే కాదు, బీద నేలలో పొదుపుకు కూడా గుర్తు.
పొట్టిగా ఉండడం బలహీనత కాదు. మంచు కింద బతికేది పొట్టిదే.
వేరు వేరు కుటుంబాల మొక్కలు ఒకే కష్టానికి ఒకే రకమైన ఉపాయం కనుగొంటాయి.
ముళ్ళ పొద ఒడిలో చెట్టు పెరుగుతుంది.

ప్రశ్నలు

1. మంచు చల్లనిది కదా, అది మొక్కను చలి నుంచి ఎలా కాపాడుతుంది?
2. క్రోబెర్రీ ఆకుకు, కలివి ఆకుకు గల పోలికలు, తేడాలు రాయండి.
3. బేర్‌బెర్రీ, కలివి కోడి అనే పేర్లు ఎవరు పెట్టినవి? వాటి వల్ల శాస్త్రానికి కలిగిన ఉపయోగం ఏమిటి?
4. మీ ఊరి బంచరాయి లేదా గుట్ట ఇప్పుడు ఎలా ఉంది? పదేళ్ళ కింద ఎలా ఉండేదో ఇంట్లో పెద్దలను అడిగి ఒక పేజీ రాయండి.

నాలుగో ప్రశ్నకు జవాబు ఏ గైడులోనూ దొరకదు. మంచి జవాబులను వచ్చే సంవత్సరం సంచికలో మీ పేరుతో వేయమని సంపాదక వర్గాన్ని కోరుతున్నాము.

– పదవ తరగతి విద్యార్థులు, సుచిత్ర